ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి: వీపీఎన్ కాపాడేదెంత, కాపాడనిదేమిటి?

క్లుప్తంగా: ఉద్యోగి ల్యాప్‌టాప్ నుంచి కంపెనీ గేట్‌వే (ఆఫీసు నెట్‌వర్క్ ముఖద్వారంలో ఉండే పరికరం) దాకా వెళ్లే డేటాను దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా చూడటం వీపీఎన్ (వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్) పని. ఆ పని అది బాగానే చేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పుకొనే చొరబాట్లలో ఏ ఒక్కటీ ఎన్‌క్రిప్షన్‌ను (డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతిని) ఛేదించి జరిగింది కాదు. లీకైన పాస్‌వర్డ్, ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్) పడని గేట్‌వే, లోపలికి వచ్చాక అడ్డూఅదుపూ లేని నెట్‌వర్క్ అసలు దారులు. కంపెనీ డబ్బు, శ్రద్ధ ఎక్కువగా పెట్టాల్సింది అక్కడే.

## ఒక పాత ఖాతా, 8,850 కిలోమీటర్ల పైపులైన్

2021 మే 7న తెల్లవారుజామున ఐదు కాకముందే అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కంట్రోల్ రూంలో ఒక కంప్యూటర్ తెర మీద డబ్బు డిమాండ్ చేస్తూ సందేశం కనిపించింది. ఆరుంపావు కాకుండానే కంపెనీ తన పైపులైన్ మొత్తాన్ని ఆపేసింది. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ రేవు ప్రాంతం దాకా సుమారు 8,850 కిలోమీటర్ల వ్యవస్థ అది. అమెరికా తూర్పు తీరం వాడే ఇంధనంలో దాదాపు 45 శాతం దాని గుండానే వెళ్తుంది. మే 12న తిరిగి మొదలయ్యేలోపు ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలా బంకులు ఖాళీ అయ్యాయి. కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు, డార్క్‌సైడ్ ముఠాకు చెల్లించింది. తర్వాత అమెరికా న్యాయశాఖ అందులో 63.7 బిట్‌కాయిన్లు వెనక్కి రాబట్టింది.

చొరబాటు మొదలైంది అంతకు ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 29న. దారి, పాత వీపీఎన్‌లోని ఒక ఖాతా. ఆ ఖాతాను అప్పటికి ఎవరూ వాడటం లేదు, అయినా దాన్ని మూసేయలేదు. రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఓటీపీ లాంటిది) దానికి లేదు. దాని పాస్‌వర్డ్ డార్క్ వెబ్‌లో తిరిగే లీకైన పాస్‌వర్డ్‌ల మూటలో దర్యాప్తు చేసినవారికి దొరికింది. ఎవరో ఉద్యోగి అదే పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడో కూడా వాడి ఉండవచ్చని, అక్కడ లీకై ఉండవచ్చని అంచనా. జూన్ 8న సెనెట్ కమిటీ ముందు కంపెనీ సీఈఓ, అది ‘కలోనియల్123’ లాంటి తేలిక పాస్‌వర్డ్ కాదని, సంక్లిష్టమైనదేనని చెప్పుకొచ్చారు. నిజమే కావచ్చు. లీకైపోయాక ఎనిమిది అక్షరాలైనా ఇరవై అక్షరాలైనా తేడా ఏముంది?

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ వీపీఎన్ పాడవలేదు, ఎవరూ దాన్ని పగలగొట్టలేదు. సరైన ఖాతా, సరైన పాస్‌వర్డ్ వచ్చాయి కాబట్టి తలుపు తీసింది. దాడి చేసినవాళ్ల ట్రాఫిక్‌ను కూడా దారిలో ఎవరికీ కనపడకుండా భద్రంగా మోసింది. వాళ్లు సుమారు 100 జీబీ డేటా తీసుకెళ్లారు.

## టన్నెల్‌లో నిజంగా జరిగేది

ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్ క్లయింట్ (కలిపే ప్రోగ్రామ్), కంపెనీ గేట్‌వే ముందుగా ఒకరినొకరు గుర్తిస్తాయి. సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు పత్రం), తాళంచెవి, పాస్‌వర్డ్ వీటిలో ఏదో ఒకటి, లేదా కలిపి. తర్వాత ఆ సెషన్‌కు మాత్రమే పనికొచ్చే రహస్య కీని తయారు చేసుకుంటాయి. అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లాల్సిన ప్రతి ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఎన్‌క్రిప్ట్ చేసి, మరో ప్యాకెట్‌లో పెట్టి గేట్‌వేకు పంపుతారు, ఈ దారినే టన్నెల్ అంటారు. గేట్‌వే పై పొర విప్పి లోపలి ప్యాకెట్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వదులుతుంది. ల్యాప్‌టాప్‌కు 10.ఎక్స్ లాంటి లోపలి చిరునామా వస్తుంది. మిగతా సర్వర్ల లెక్కలో ఆ క్షణం నుంచి అది ఆఫీసులో కూర్చున్న కంప్యూటరే. మంచీ చెడూ రెండూ ఈ చివరి వాక్యంలోనే ఉన్నాయి.

ఈ పని చేసే పద్ధతులు నాలుగైదు. ఐపీసెక్ పాతది, గట్టిది, చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ముందే ఉంటుంది. కాకపోతే అది వాడే యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) 500, 4500 పోర్టులను, అంటే డేటా వచ్చిపోయే నంబరు ద్వారాలను, కొన్ని హోటల్, హాస్టల్ వైఫైలు మూసేస్తాయి. ఓపెన్‌వీపీఎన్ 2001లో వచ్చింది, మామూలుగా యూడీపీ 1194 మీద నడుస్తుంది. కొత్తదైన వైర్‌గార్డ్ 2020 మార్చిలో లైనక్స్ 5.6 కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) చేరింది. దాని కోడ్ సుమారు నాలుగు వేల వరుసలే, ఒక నిపుణుడు కూర్చుని మొత్తం చదివి తప్పులు పట్టగలిగేంత. పెద్ద కంపెనీల్లో కనిపించే ‘ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్’ వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీదే వెళ్తుంది కాబట్టి ఎక్కడినుంచైనా కలుస్తుంది. ఆ సౌకర్యానికి చెల్లిస్తున్న మూల్యం గురించి కింద వివరంగా. పాతకాలపు పీపీటీపీ పద్ధతి ఇంకా ఎక్కడైనా నడుస్తుంటే ఈ వారమే తీసేయాలి. దాని ధ్రువీకరణ పద్ధతిని ఛేదించవచ్చని 2012లోనే బహిరంగంగా చూపించారు.

యూట్యూబ్ ప్రకటనల్లో కనిపించే నెలసరి చందా వీపీఎన్‌లకూ, కంపెనీ వీపీఎన్‌కూ సంబంధం పేరు వరకే. మొదటిది మీ ట్రాఫిక్‌ను వేరే సంస్థ సర్వర్ నుంచి బయటికి వదులుతుంది. రెండోది మిమ్మల్ని కంపెనీ లోపలికి తీసుకొస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మొదటి రకం వేసుకుంటే భద్రత పెరగదు సరికదా, సెక్యూరిటీ టీమ్‌కు మీ లాగిన్ ఏ నెదర్లాండ్స్ నుంచో వచ్చినట్టు కనిపించి ఖాతా బ్లాక్ అవుతుంది.

## ఓటీపీ ఉన్నా ఎలా లోపలికి వస్తున్నారు

కలోనియల్ తర్వాత అందరూ చెప్పింది ఒకటే: రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. పెట్టాలి, సందేహం లేదు. కానీ 2022 సెప్టెంబరులో ఉబర్‌కు జరిగింది చూస్తే ఏ రకం పెడుతున్నామన్నది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఒక కాంట్రాక్టర్ సొంత పరికరంలో మాల్‌వేర్ చేరి, పాస్‌వర్డ్ బయటికి పోయి ఉంటుందని, దాన్ని డార్క్ వెబ్‌లో కొని ఉంటారని కంపెనీ చెప్పింది. దాడి చేసిన వ్యక్తి పదేపదే లాగిన్ ప్రయత్నించాడు. ప్రతిసారీ కాంట్రాక్టర్ ఫోన్‌లో ‘ఆమోదించాలా?’ అని నోటిఫికేషన్ వచ్చింది. చాలాసార్లు తిరస్కరించి, చివరికి ఒకదాన్ని ఒప్పుకున్నారు. అంతే.

‘అప్రూవ్’ బటన్ నొక్కే పద్ధతిలో బలహీనత ఇదే. విసిగించి నొక్కించవచ్చు. దీనికి విరుగుడు రెండు మెట్లలో ఉంటుంది. మొదటిది, లాగిన్ తెర మీద కనిపించే రెండంకెల సంఖ్యను ఫోన్‌లో టైప్ చేయించడం. ఆ తెర దొంగ ముందు ఉంటుంది, ఉద్యోగి ముందు ఉండదు. అయినా ఐటీ వాళ్లమని ఫోన్ చేసి ఆ అంకె చెప్పి కొట్టించే ప్రమాదం మిగులుతుంది. రెండోది, ఫిడో2 సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం వాడే చిన్న పరికరం) లేదా పాస్‌కీ (ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో దాగి ఉండే డిజిటల్ తాళంచెవి). అది అసలు వెబ్ చిరునామాకు మాత్రమే జవాబిస్తుంది, నకిలీ లాగిన్ పేజీకి ఇవ్వదు, ఫోన్‌లో చదివి చెప్పడానికి అంకెలేవీ ఉండవు. అందరికీ ఒకేసారి కొనలేకపోతే సిస్టమ్ అడ్మిన్లకు, ఫైనాన్స్ వాళ్లకు ముందు ఇవ్వాలి.

ఆచరణలో ఎక్కువగా జారిపోయేది మరోచోట. ఉద్యోగుల ఖాతాలన్నీ సింగిల్ సైన్-ఆన్‌కు (అన్ని సేవలకూ ఒకే లాగిన్), ఓటీపీకి కట్టేస్తారు. కానీ గేట్‌వేగా పనిచేసే ఫైర్‌వాల్ (ఏ ట్రాఫిక్‌ను వదలాలో తేల్చే) పెట్టెలోనే విడిగా కొన్ని లోకల్ ఖాతాలు ఉంటాయి. బిగించిన రోజు పరీక్ష కోసం చేసిన ‘టెస్ట్’, ఏసీ కంట్రోలర్ చూసే వెండర్‌కిచ్చిన ‘వెండర్1’, వెళ్లిపోయిన అడ్మిన్ పేరు. వీటికి ఓటీపీ ఉండదు, హెచ్‌ఆర్ జాబితాలో ఉండవు, కాబట్టి ఎవరు రాజీనామా చేసినా మూతపడవు. చేయాల్సిన పని చిన్నది: గేట్‌వేలోని లోకల్ యూజర్ల జాబితాను తీసి, ఒక్కో పేరు ముందు బాధ్యుడి పేరు రాయాలి. పేరు దొరకనిది ఆరోజే డిజేబుల్ చేయాలి. ముప్పై రోజులుగా లాగిన్ కాని ఖాతా దానంతటదే మూతపడేలా నిబంధన పెట్టాలి. ప్రసూతి సెలవులో ఉన్నవారికి తిరిగి తెరవడానికి హెల్ప్‌డెస్క్‌కు ఐదు నిమిషాలు పడుతుంది, దానికి భయపడి తలుపు తెరిచి ఉంచనక్కర్లేదు.

మరో తాళం కూడా అవసరం: పరికరం ఎవరిదన్నది. పాస్‌వర్డ్, ఓటీపీ మనిషిని గుర్తిస్తాయి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉండే సర్టిఫికెట్, అదీ టీపీఎం (రహస్య కీలను దాచే) చిప్‌లో పెట్టి బయటికి కాపీ కాకుండా చేసినది, యంత్రాన్ని గుర్తిస్తుంది. రెండూ ఉంటేనే టన్నెల్ తెరుచుకోవాలి. అప్పుడు దొంగిలించిన పాస్‌వర్డ్‌తో వేరే కంప్యూటర్ నుంచి వచ్చినవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు.

## కంచే చేను మేసినప్పుడు

వీపీఎన్ గేట్‌వే ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా దాని తలుపు తట్టగలరు. దాని సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే ఖాతా, పాస్‌వర్డ్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. 2019 నుంచి ఇది పదేపదే జరుగుతోంది.

ఆ ఏడాది బయటపడ్డ పల్స్ సెక్యూర్ కంపెనీ గేట్‌వే లోపంతో లాగిన్ కాకుండానే గేట్‌వేలోని ఫైళ్లు చదవగలిగేవారు. ఫోర్టినెట్ ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌లోనూ అలాంటిదే ఒకటి ఉండేది. దానికి 2019 మేలోనే ప్యాచ్ వచ్చింది. అయినా 2021 సెప్టెంబరులో సుమారు 87 వేల ఫోర్టిగేట్ పరికరాల వీపీఎన్ పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ప్యాచ్ వేసి, పాస్‌వర్డ్‌లు మార్చకపోతే ప్రమాదం అలాగే ఉంటుందని కంపెనీ అప్పుడు హెచ్చరించింది. రంధ్రం పూడ్చారు సరే, అంతకుముందే బయటికి పోయిన పాస్‌వర్డ్‌ల సంగతి?

2023 అక్టోబరులో వచ్చిన ‘సిట్రిక్స్ బ్లీడ్’ ఈ పాఠాన్నే ఇంకా గట్టిగా చెప్పింది. సిట్రిక్స్ కంపెనీ నెట్‌స్కేలర్ గేట్‌వేకు ఒక ప్రత్యేకమైన అభ్యర్థన పంపితే అది తన మెమరీలోని ముక్కలను బయటికి కక్కేది. ఆ ముక్కల్లో అప్పటికే లాగిన్ అయిన ఉద్యోగుల సెషన్ టోకెన్లు ఉండేవి. టోకెన్ అంటే ‘ఈయన పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ ఇచ్చేశారు, లోపలికి వదలండి’ అని గేట్‌వే ఇచ్చిన చీటీ. అది దొంగ చేతికి వస్తే ఓటీపీ దశను దాటేసినట్టే. అక్టోబరు 10న ప్యాచ్ వచ్చింది. కానీ ప్యాచ్ పాత టోకెన్లను రద్దు చేయదు. నడుస్తున్న సెషన్లన్నిటినీ చేత్తో తెంచేయాలి. అమెరికాలో కామ్‌కాస్ట్ ఎక్స్‌ఫినిటీ ఇంటర్నెట్ సంస్థ ఈ లోపం వల్లే దెబ్బతిని, సుమారు 3.6 కోట్ల ఖాతాదారుల వివరాలు పోయాయి. చొరబాటు అక్టోబరు 16, 19 మధ్య, ప్యాచ్ విడుదలైన వారం రోజుల తర్వాత జరిగింది.

ఆ తర్వాత ఇవాంటి అనే గేట్‌వే తయారీ సంస్థ. 2024 జనవరి 10న రెండు లోపాలు బయటపెట్టింది. ఒకటి ధ్రువీకరణను దాటేయడానికి, రెండోది లోపల కమాండ్లు నడపడానికి. రెండూ కలిపితే గేట్‌వే చేతికొచ్చేసినట్టే. ఆ నెలాఖరున అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ, ప్రభుత్వ శాఖలన్నీ ఆ పెట్టెలను ఫిబ్రవరి 2 అర్ధరాత్రిలోపు నెట్‌వర్క్ నుంచి పీకేయాలని ఆదేశించింది. ప్యాచ్ వేయమనలేదు, తీసేయమంది. పరిశోధన సంస్థ మైటర్ కూడా ఈ దారిలోనే దెబ్బతింది. బహుళ అంచెల ధ్రువీకరణ ఉన్నా, దొంగిలించిన సెషన్లతో దాన్ని దాటేసి లోపలి వీఎంవేర్ సర్వర్ల దాకా వెళ్లారు.

ఇన్ని కంపెనీల పెట్టెల్లో ఇదే కథ ఎందుకు? ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ అంటే లోపల ఒక పూర్తి వెబ్ సర్వర్. లాగిన్ పేజీలు, ఫైల్ బ్రౌజర్, పాత భాగాలు, ఏళ్ల తరబడి పేరుకున్న కోడ్. లాగిన్‌కు ముందే బయటివాళ్లు పంపే డేటాను అదంతా చదివి అర్థం చేసుకోవాలి. పైగా ఆ పెట్టెలో మామూలు యాంటీవైరస్ లాంటివి వేయడానికి తయారీదారు ఒప్పుకోడు, కాబట్టి చొరబడినవాడు అక్కడే కాపురం పెట్టినా కనిపించదు. వైర్‌గార్డ్ దీనికి పూర్తి వ్యతిరేకం. తెలియని కీతో వచ్చిన ప్యాకెట్‌కు అసలు జవాబే ఇవ్వదు, పోర్టులు వెతికేవారికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. 2024 మేలో నార్వే సైబర్ భద్రతా కేంద్రం ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌లను వదిలి ఐపీసెక్‌కు మారమని సిఫారసు చేసింది. ఫోర్టినెట్ తన 7.6.3 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఎల్ టన్నెల్‌ను తొలగించింది. ఎక్కడినుంచైనా కలిసే సౌకర్యం పేరుతో ఇన్నేళ్లు మోసిన పద్ధతి ఇక దిగుముఖంలో ఉందనే చెప్పాలి.

గేట్‌వే ఉన్న కంపెనీ ఏం చేయాలి? తీవ్రమైన లోపం ప్రకటించిన రోజే, మామూలు నెలవారీ ప్యాచ్ చక్రం కోసం ఆగకుండా, 24 నుంచి 48 గంటల్లో ప్యాచ్ వేయాలి. వెంటనే సెషన్లన్నీ తెంచాలి. గేట్‌వేలో నిల్వ ఉన్న పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్లు, యాక్టివ్ డైరెక్టరీతో (ఉద్యోగుల ఖాతాలు, హక్కులు ఉండే వ్యవస్థతో) మాట్లాడటానికి అది వాడే సర్వీస్ ఖాతా, మూడూ మార్చాలి. ఆ సర్వీస్ ఖాతాకు డొమైన్ అడ్మిన్ (నెట్‌వర్క్ అంతటి మీద) హక్కులిచ్చి ఉంటే అది విడిగా ఒక నేరం. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ తెరిచి ఉండకూడదు.

## లోపలికి వచ్చాక ఎంత దూరం వెళ్లగలరు

ఉబర్ కథలో రెండో సగం ఇక్కడుంది. బయటికొచ్చిన వివరాల ప్రకారం, లోపలికి వచ్చిన వ్యక్తికి ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పవర్‌షెల్ స్క్రిప్టు (కంప్యూటర్‌కు ఇచ్చే కమాండ్ల ఫైలు) దొరికింది. అందులో పాస్‌వర్డ్‌లు దాచే వ్యవస్థ అడ్మిన్ పాస్‌వర్డ్ నేరుగా రాసి ఉంది. అంటే మొదటి తప్పు ఒక కాంట్రాక్టర్‌ది, దాన్ని విపత్తుగా మార్చింది మాత్రం లోపలి నెట్‌వర్క్.

చాలా కంపెనీల్లో వీపీఎన్ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘మొత్తం లోపలి నెట్‌వర్క్’ అనే ఒకే నిబంధన ఉంటుంది. హెచ్‌ఆర్ ఉద్యోగికి డేటాబేస్ సర్వర్ పోర్టుతో పనేమిటి? టెస్టింగ్ చేసేవారికి పేరోల్ సర్వర్ కనపడటం దేనికి? గ్రూపుల వారీగా, ఏ గ్రూపుకు ఏ సర్వర్, ఏ పోర్టు అని ఫైర్‌వాల్‌లో రాయడం విసుగు పుట్టించే పని, కానీ ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత ఫలితమిచ్చేది ఇదే. మొదట రెండు వారాలు లాగ్ (నమోదు) మాత్రమే చేసి, ఎవరు వేటితో మాట్లాడుతున్నారో చూసి, తర్వాత మిగతావి మూసేస్తే పని ఆగదు. ముఖ్యంగా ఒక వీపీఎన్ యూజర్ ల్యాప్‌టాప్ నుంచి మరో వీపీఎన్ యూజర్ ల్యాప్‌టాప్‌కు దారి ఉండకూడదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) పాకే దారుల్లో అదొకటి.

‘జీరో ట్రస్ట్’ పేరుతో అమ్ముతున్నవి ఈ ఆలోచనకు పొడిగింపు. నెట్‌వర్క్‌లోకి రానివ్వడం అనేదే ఉండదు. ఒక్కో అప్లికేషన్‌కు విడిగా, మనిషిని, పరికరాన్ని ప్రతిసారీ తనిఖీ చేసి దారి ఇస్తారు. 2009 నాటి సైబర్ దాడి తర్వాత గూగుల్ ‘బియాండ్‌కార్ప్’ పేరుతో ఇది మొదలుపెట్టింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2020 ఆగస్టులో దీనికొక మార్గదర్శి విడుదల చేసింది. వెబ్ అప్లికేషన్లు ఎక్కువున్న కంపెనీకి ఇది నప్పుతుంది. పాత క్లయింట్-సర్వర్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్లు, ఫ్యాక్టరీ యంత్రాలు ఉన్నచోట వీపీఎన్ ఇంకొన్నేళ్లు తప్పదు.

## హైదరాబాద్‌లో నొక్కితే న్యూజెర్సీ వెళ్లి రావాలి

భద్రత నియమాలను ఉద్యోగులు పక్కదారి పట్టించడానికి దురుద్దేశం కంటే నెమ్మదితనమే ఎక్కువగా కారణమవుతుంది. కంపెనీ గేట్‌వే న్యూజెర్సీలో ఉందనుకోండి. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి నేరుగా కొలిస్తేనే దాదాపు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్ గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కేబుల్ తిన్నగా ఉన్నా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున చుట్టు తిరిగే కేబుళ్లతో అది 200 దాటుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఈ అంకె తగ్గదు.

64 కేబీ విండో (జవాబు రాకముందు ఒకేసారి పంపగల పరిమాణం) వాడే పాత ప్రోగ్రామ్ ఒక విడత పంపి, అందిందన్న జవాబు కోసం ఆగుతుంది. 200 మిల్లీసెకన్లకొక విడత అంటే సెకనుకు 320 కేబీ, సుమారు 2.6 ఎంబీపీఎస్. లైను ఎంత వెడల్పైనా ఇంతే. ఒక షేర్డ్ ఫోల్డర్ తెరవడానికి ముప్పై సార్లు ప్రశ్న-జవాబు అవసరమైతే ఆరు సెకన్లు. అందుకే అక్కడి ఫైల్ సర్వర్‌ను ఇక్కడి నుంచి నేరుగా తెరవడం కన్నా, అక్కడే నడిచే వర్చువల్ డెస్క్‌టాప్‌ను ఇక్కడ చూడటం మేలు. డేటా కూడా అక్కడే ఉంటుంది.

అన్ని ట్రాఫిక్‌లనూ టన్నెల్‌లో పంపే ఫుల్ టన్నెల్‌తో ఇంకో చిక్కు. పక్క బ్లాక్‌లోని సహోద్యోగితో చేసే వీడియో కాల్ కూడా అమెరికాలోని గేట్‌వే దాకా పోయి తిరిగొస్తుంది. 2020లో అందరూ ఒక్కసారిగా ఇళ్లకు వెళ్లినప్పుడు గేట్‌వేలు నిండిపోయింది ఇలాంటి ట్రాఫిక్‌తోనే. 500 మంది ఒక్కొక్కరు 1.5 ఎంబీపీఎస్ వీడియో కాల్‌లో ఉంటే 750 ఎంబీపీఎస్. అది గేట్‌వేలోకి ఒకసారి వచ్చి, ఇంటర్నెట్‌లోకి మరోసారి వెళ్లాలి. అందుకే టీమ్స్, ఎక్స్‌చేంజ్ వంటి కొన్ని సేవలను టన్నెల్ బయట వదిలే స్ప్లిట్ టన్నెల్‌ను మైక్రోసాఫ్టే సిఫారసు చేసింది. ‘అంతా లోపల’, ‘అంతా బయట’ అనే రెండు కొసల మధ్య, పేరు పెట్టి ఎంచుకున్న కొన్ని సేవలను మాత్రమే బయట వదలడం సరైన రాజీ.

బయట వదలకూడనివి తెలియకుండానే వదిలేసే సందర్భమొకటి ఉంది. జియో వంటి నెట్‌వర్క్‌లు ఫోన్లకు, ఇళ్లకు ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) చిరునామాలిస్తాయి. కంపెనీ టన్నెల్ పాత తరం ఐపీవీ4ను మాత్రమే మోస్తుంటే, ఐపీవీ6 ఉన్న సైట్లకు వెళ్లే ట్రాఫిక్ టన్నెల్ పక్కనుంచి నేరుగా పోతుంది. క్లయింట్ ఐపీవీ6ను కూడా లోపలికి తీసుకోవాలి, లేదా పూర్తిగా ఆపాలి. 2024 మేలో వెల్లడైన ‘టన్నెల్‌విజన్’ దీనికి దగ్గరి చుట్టం. వైఫై నడిపేవాడు డీహెచ్‌సీపీ (వైఫైలో చేరిన పరికరానికి చిరునామా ఇచ్చే పద్ధతి)లోని 121వ ఆప్షన్‌తో ల్యాప్‌టాప్‌కు కొత్త దారులు నేర్పి, వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపిస్తూ ట్రాఫిక్‌ను బయటికి మళ్లించగలడు. ఆండ్రాయిడ్‌కు ఈ బెడద లేదు, అది ఆ ఆప్షన్‌ను పట్టించుకోదు. మాదాపూర్, గచ్చిబౌలి పీజీ హాస్టళ్లలో వందమంది పంచుకునే వైఫై మీద ఆఫీసు పని చేసేవారికి ఫోన్ హాట్‌స్పాట్ మేలు.

హెల్ప్‌డెస్క్‌కు వచ్చే ఫిర్యాదుల్లో రెండింటిని విడిగా చెప్పుకోవాలి. ‘వీపీఎన్ కనెక్ట్ అవుతోంది, కానీ ఏదీ తెరుచుకోవడం లేదు’ అన్నది మొదటిది. చాలా ఇళ్ల రూటర్లు 192.168.1తోనో 192.168.0తోనో మొదలయ్యే చిరునామాలిస్తాయి. ఆఫీసు కూడా అదే వాడుతుంటే ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌ను ఇంట్లో వెతుకుతుంది. జియోఫైబర్ రూటర్ 192.168.29 వాడుతుంది కాబట్టి ఆ ఇళ్లలో ఈ సమస్య రాదు. ‘ఆయనకు పనిచేస్తోంది, నాకు చేయట్లేదు’ అనే గొడవకు ఒక్కోసారి మూలం ఇంతే. ఆఫీసు వైపు 10.73.20 లాంటి ఎవరూ వాడని వరుసకు మారడమే శాశ్వత పరిష్కారం.

రెండోది: లాగిన్ అవుతుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైలు పెడితే సున్నా శాతం దగ్గర నిలిచిపోతుంది. దీన్ని ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య అంటారు. ఈథర్‌నెట్ ప్యాకెట్ గరిష్ఠంగా 1,500 బైట్లు. వైర్‌గార్డ్ తన పొరకు ఐపీవీ4 మీద 60, ఐపీవీ6 మీద 80 బైట్లు తీసుకుంటుంది, అందుకే దాని సాధారణ ఎంటీయూ 1,420. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రూటర్ కలిసే పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్‌లో దారి వెడల్పు 1,492. ఐపీవీ4 అయితే 1,420కి 60 కలిపి 1,480, సరిపోతుంది. ఐపీవీ6 అయితే 1,500, ఎనిమిది బైట్లు ఎక్కువ. ప్యాకెట్ పట్టడం లేదని రూటర్ వెనక్కి పంపే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఏ ఫైర్‌వాలో ఆపేస్తే, పంపినవాడికి విషయం తెలియదు, పంపుతూనే ఉంటాడు. ఎంటీయూను 1,412కు, మొబైల్ డేటా మీద అయితే 1,280కి తగ్గిస్తే చాలావరకు కుదురుకుంటుంది. వెతకడానికి విడగొట్టవద్దన్న గుర్తుతో 1,472 బైట్ల పింగ్ (జవాబు కోరే పరీక్ష ప్యాకెట్) కొట్టి, వెళ్లకపోతే పదేసి తగ్గించుకుంటూ వెళ్లాలి. వెళ్లిన అంకెకు 28 కలిపితే దారి వెడల్పు.

## పదిహేను మంది ఉన్న ఆఫీసు సంగతి

పెద్ద కంపెనీలకు సెక్యూరిటీ టీములుంటాయి. ఆడిటర్ ఆఫీసులు, చిన్న వ్యాపారాల్లో కనిపించే ఏర్పాటు వేరు: ట్యాలీ ఉన్న కంప్యూటర్‌కు రూటర్‌లో 3389 పోర్టు తెరిచి, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడం. అలా తెరిచిన పోర్టును ఆటోమేటిక్ స్కానర్లు గంటల్లోనే పట్టుకుని పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం మొదలుపెడతాయి. 3389ని 3390కి మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ వైర్‌గార్డ్ చవకైన మంచి మార్గం. అది నడిపే రూటర్ లేదా పాత కంప్యూటర్ ఒకటి, స్థిరమైన పబ్లిక్ ఐపీ ఒకటి కావాలి. ముందు రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటున్నారు, బయటినుంచి మీ దాకా దారి లేదు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థను అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి. తర్వాత యూడీపీ 51820 ఒక్కటే తెరిచి, 3389ని మూసేయాలి. ఒక్కో పరికరానికి ఒక్కో కీ, ఒకే కీని ఐదుగురికి వాట్సాప్‌లో పంపితే ఎవరు వచ్చారో ఎప్పటికీ తెలియదు. ఇంటివైపు సెట్టింగులో కీప్‌అలైవ్ (కనెక్షన్ నిలిచి ఉండేలా పంపే చిన్న ప్యాకెట్ల మధ్య విరామం) 25 సెకన్లు పెట్టకపోతే, ఊరికే ఉన్న కనెక్షన్‌ను రూటర్ మరచిపోయి ఆఫీసు వైపు నుంచి వచ్చేవి ఆగిపోతాయి. ఫైర్‌వాల్‌లో వీపీఎన్ నుంచి ఆ ఒక్క కంప్యూటర్ 3389కి మాత్రమే దారి ఇవ్వాలి.

దీనికో లోటుంది. వైర్‌గార్డ్‌కు తనంతట తానుగా పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ లేవు. ల్యాప్‌టాప్ పోతే కీ కూడా పోయినట్టే. డిస్క్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌కు ఓటీపీ విడిగా పెట్టాలి. పోయిన ల్యాప్‌టాప్ కీని సర్వర్‌లో తీసేయడం ఎలాగో ఆఫీసులో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

## భారత్‌లో నిబంధనలు

2020కి ముందు కాల్ సెంటర్లు, బీపీఓలకు ఇంటి నుంచి పని దాదాపు అసాధ్యం. టెలికాం శాఖ ఓఎస్‌పీ (అదర్ సర్వీస్ ప్రొవైడర్) నిబంధనల ప్రకారం కోటి రూపాయల సెక్యూరిటీ డిపాజిట్, టెలికాం సంస్థే ఏర్పాటు చేసే వీపీఎన్ అవసరమయ్యేవి. 2020 మార్చి 13న ఆ షరతులను తాత్కాలికంగా సడలించి, స్టాటిక్ ఐపీతో కంపెనీలే సొంతంగా వీపీఎన్ పెట్టుకోనిచ్చారు. నవంబరు 5న వచ్చిన కొత్త మార్గదర్శకాలు రిజిస్ట్రేషన్‌నే ఎత్తేశాయి. హైదరాబాద్ కంపెనీల ఉద్యోగులు వరంగల్‌లోనో భీమవరంలోనో కూర్చుని పనిచేయడం వెనక సాంకేతికత ఎంత ఉందో ఈ సడలింపూ అంతే ఉంది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలపై మాత్రం ఇప్పటికీ అయోమయం ఉంది. వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలన్న నిబంధన ప్రజలకు సేవ అమ్మేవారికే. కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే వీపీఎన్‌కు అది వర్తించదని సెర్ట్-ఇన్ తన వివరణలో చెప్పింది. కానీ అదే ఆదేశాల్లోని మిగతా మూడు నిబంధనలు కంపెనీలన్నిటికీ వర్తిస్తాయి: చొరబాటును గమనించిన ఆరు గంటల్లో తెలియజేయడం, లాగ్‌లను 180 రోజులు ఉంచడం, అన్ని యంత్రాల గడియారాలను నిర్దేశించిన టైమ్ సర్వర్లతో కలపడం. వ్యక్తిగత డేటాను కాపాడేందుకు తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 2023 నాటి డేటా రక్షణ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

చాలా గేట్‌వేల్లో లాగ్‌లు పెట్టెలోనే ఉంటాయి, స్థలం నిండితే పాతవి చెరిగిపోతాయి. 180 రోజులు నిలవాలంటే వేరే సర్వర్‌కు పంపాలి. చొరబడినవాడు మొదట చెరిపేది గేట్‌వేలోని లాగ్‌నే కాబట్టి ఇది రెండు విధాలా అవసరం. ఏం వెతకాలన్నది కూడా ఇక్కడి పనివేళలను బట్టే ఉండాలి. రాత్రి రెండు గంటలకు లాగిన్ అయితే హెచ్చరించే నిబంధన, అమెరికా షిఫ్టు నడిచే హైదరాబాద్ ఆఫీసులో మొదటి రోజే పనికిరాకుండా పోతుంది. ఒకే యూజర్ గంట తేడాలో రెండు దేశాల నుంచి రావడం, వరసగా తిరస్కరించిన ఓటీపీ అభ్యర్థనల తర్వాత ఒక ఆమోదం, నెలల తర్వాత మేల్కొన్న ఖాతా, కొత్త పరికరం నమోదైన పది నిమిషాల్లో భారీ డౌన్‌లోడ్: ఈ నాలుగింటికి హెచ్చరిక పెట్టడం మేలు.

లాగ్‌లో ఐపీ చిరునామా, సమయం మాత్రమే ఉంటే దర్యాప్తు మధ్యలో ఆగిపోవచ్చు. సీజీనాట్ వెనక ఒకే పబ్లిక్ ఐపీ మీద ఒకే నిమిషంలో వందలమంది ఉంటారు. ఆ కనెక్షన్ ఎవరిదో టెలికాం సంస్థ చెప్పాలంటే సోర్స్ పోర్టు (కనెక్షన్ మొదలైన వైపు పోర్టు) నంబరు కావాలి, సమయం సెకను వరకు సరిపోవాలి. సోర్స్ పోర్టును నమోదు చేసే ఆప్షన్ కొన్ని గేట్‌వేల్లో విడిగా ఆన్ చేయాల్సి ఉంటుంది. ఆ సెట్టింగును, గేట్‌వే గడియారాన్ని చొరబాటు జరిగాక సరిచేసినా పాత లాగ్‌లకు ఉపయోగముండదు.